నడికట్టు మీది బిళ్ళ

తెలుగువాడు ఏదేని పనికి పూనుకొన్నచో నడుము కట్టినాడందుము. పని విడిచిపెట్టినవానిని నడుము విప్పినాడని మాత్రము అనము; నడుము వాల్చినాడందుము. కట్టుటకును వాల్చుటకును మధ్యనున్న ఆ రెండంగుళముల పట్టాను గూర్చి, దానిని బిగించి పట్టు బిళ్ళను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి. తపాలా బిళ్ళలు ప్రోగుచేయువారిని మనమెల్లరము ఎఱుగుదుము. పాత నాణెములు కూర్చువారు ప్రతి ఊర ఒకరిద్దరుందురు. కాని సైనికుల నడికట్లను, రాయబారుల నడికట్లను, వాని బిళ్ళలను కూర్చుటకే జీవితమంతయు వెచ్చించువారు ఉన్నారనగా వినువారికి నవ్వు వచ్చును. మాకును మొదట నవ్వే వచ్చినది. ఆ నవ్వు గజ్వేలులో ఒక ఇంటి అరుగుమీద ఆగిపోయినది.

ఏటేట బతుకమ్మ పండుగ దినములలో మేము ధ్వనిముద్రణ యంత్రము చేతబట్టుకొని ఊళ్ళకు పోవుట కలదు. ఆ విధముగా ఒక ఏడు గజ్వేలు వెళ్ళితిమి. ఆ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోనిది. 2016 అక్టోబరులో ఆ జిల్లా ఏర్పడక పూర్వము మెదకు జిల్లాలోనిది. 1985లో మండలములు రాక మునుపు తాలూకా కేంద్రము. తాలూకా కేంద్రమనగా తహసీలు కచ్చేరి ఉండును. కచ్చేరి అనగా చప్రాసీలుందురు. ఈ చివరి మాటను శ్రోతలు కొంచెము జ్ఞాపకముంచుకొనగోరుదుము.

పాట పాడవలసిన స్త్రీలు లోపల తంగేడు పూలు, గునుగు పూలు పేర్చుచుండిరి. మేము అరుగుమీద కూర్చుండి ఎదురుచూచుచుంటిమి. దసరా ఇంక నాలుగు దినములున్నది. ఇంటి యజమానురాలు, డెబ్బది ఏండ్ల ముసలమ్మ, ఆయుధపూజకు కావలసిన పనిముట్లను అరుగుక్రింద పరచుకొని తోముచుండెను. కొడవలి, గొడ్డలి, పార, గడ్డపార. వానితో పాటు అరచేతి వెడల్పున కోడిగ్రుడ్డు ఆకారపు ఇత్తడి రేకొకటి. దాని వెనుక రెండు కొక్కెములు; ఒక కొక్కెమునకు జానెడు తోలుపట్టా ఇంకను వ్రేలాడుచుండెను. ఆమె దానిని చింతపండుతో తోమి, నీళ్ళు పోసి, మరల తోమెను. అది బంగారమువలె మెరసినది.

"అది ఏమిటి తాతా?" అని ఆమె భర్తను అడిగితిమి.

"మా నాయిన బిళ్ళ సారూ. నిజాం జమానల తహసీల్ల చప్రాసీ. దసరాకు కడిగి, బొట్టు వెట్టి, జమ్మి వెడ్తం."

దానిమీద ఏమి వ్రాసియున్నదని అడిగితిమి. "ఉర్దూ అక్షరాలుండె. నేను పోరగాన్ని ఉన్నప్పుడు మంచిగ కనవడుతుండె. ఇప్పుడు అరిగినయి" అనెను.

మేము రేకును వెలుగునకు ఏటవాలుగా త్రిప్పి చూచితిమి. ఒక అంకె, తహసీలు అను మాటలోని రెండు మూడు అక్షరములు, చుట్టును ఒక గీత మిగిలియున్నవి. ఏ తహసీలో చెప్పు పేరు ఉండవలసిన తావు నున్నగా ఉన్నది. డెబ్బది దసరాల చింతపండు దానిని తినివేసినది. భక్తితో చేసిన పనియే. తప్పు పట్టుటకు లేదు.

అంతలో కళాశాలలో చదువుచున్న మనుమడు వచ్చి మాటలో కలిసెను. పట్నమునుండి పాత ఇత్తడి కొనువాడొకడు వచ్చి, ఈ బిళ్ళను కిలో లెక్కను అడిగిపోయెనట. "సార్, జర్మనోళ్ళ బెల్టు బిళ్ళలకు వేలకు వేలు పెట్టి కొంటరు. నేను చూసిన. మా ముత్తాత బిళ్ళ మాత్రం కిలో లెక్కనా?" అని ఆ కుఱ్ఱవాడు మమ్ములను నిలదీసెను. అప్పటికప్పుడు మాకు సరియైన సమాధానము తోచలేదు. తరువాత తోచినదే ఈ ప్రసంగము.

జర్మను బిళ్ళలకు ఆ ధర ఎట్లు వచ్చినదో ముందు చూతము. 1847లో ప్రష్యా రాజ్యము తన సైనికులకు ఒక క్రొత్త తరహా బిళ్ళను ఇచ్చెను. ముల్లును తోలులోని రంధ్రమునకు తగిలించు మామూలు కొక్కెము కాదది. చిన్న పెట్టెమూత వంటి నలుచదరపు రేకు. పట్టా యొక్క ఒక కొన దాని వెనుక బిగింపబడియుండును. రెండవ కొననున్న కొండిని తెచ్చి రేకు వెనుక ఒదిగించినచో, బయటికి ముల్లును కనబడదు, రంధ్రమును కనబడదు; ముందరి రేకు ఒక్కటియే కనబడును. అనగా సైనికుని బొడ్డుమీద ప్రభుత్వమునకు ఒక చిన్న గోడ దొరకినదన్నమాట. గోడ దొరకిన ప్రభుత్వము దానిమీద ఏదో ఒకటి వ్రాయక ఊరకుండదు గదా! ప్రష్యావారు కిరీటమును అచ్చొత్తి, దాని చుట్టును 'గాట్ మిట్ ఉన్స్' అని వ్రాసిరి. దేవుడు మనతో ఉన్నాడని దాని భావము.

1871లో జర్మను సామ్రాజ్యము ఏర్పడినది. ఏర్పడినను అందులోని రాజ్యములు తమ తమ బిళ్ళలను విడువలేదు. బవేరియావారి బిళ్ళమీద విశ్వాసమున దృఢులమను మాట ఉన్నది. సాక్సనీవారిది లాటిను మాట. దైవసంకల్పమును మరువనివాడని అర్థము. వుర్టెంబర్గువారు నిర్భయులము, నమ్మకమైనవారమని వ్రాసికొనిరి. ఒకే కందకములో నిలుచున్న నలుగురు సైనికుల నడుములు చూచి ఎవడు ఏ రాజు బంటో చెప్పవచ్చునన్నమాట. బిళ్ళను త్రిప్పి చూచిన మరికొంత తెలియును. ప్రథమ ప్రపంచ యుద్ధారంభమున బిళ్ళలు ఇత్తడివి. 1915 నుండి ఇనుపరేకుమీద బూడిదవన్నె పూసినవి వచ్చెను. తూటాలకు ఇత్తడి కావలసివచ్చినది. నడుముమీది ఇత్తడిని తీసి తుపాకిలో పెట్టిరి. వెనుక కుట్టిన చిన్న తోలునాలుకమీద తయారుచేసినవాని పేరు, సంవత్సరము ముద్రింపబడియుండును. కూర్చువారు మొదట చూచునది ముందరి కిరీటమును కాదు, ఈ తోలునాలుకను.

1918లో కైజరు పోయెను. బిళ్ళమీది కిరీటమును పోయెను. గణతంత్రపు గ్రద్ద వచ్చి కూర్చుండెను. దేవుని మాట మాత్రము కదలలేదు. 1936లో ఆ గ్రద్ద కాళ్ళ క్రింద నాజీల స్వస్తికము చేరినది. అప్పుడును దేవుడు మనతో ఉన్నాడనియే వ్రాసియున్నది! హిట్లరు ప్రత్యేక దళమువారు మాత్రము దేవుని ఊసు మానుకొని, విశ్వాసమే మా గౌరవమని వ్రాసికొనిరి. ఆ విశ్వాసము ఒక మనుష్యునికి. ఆ మనుష్యుడు ఏమి చేయించెనో లోకమెఱుగును. మన గడపమీద పసుపుతో దిద్దుకొను శుభచిహ్నము ఆ దేశమున లక్షలాది యూదుల చావునకు గుర్తుగా మిగిలినది. అందుచేతనే నేటి జర్మనీలో ఆ గుర్తును బహిరంగముగా ప్రదర్శించుట నేరము. చరిత్ర బోధనకు, పరిశోధనకు, కళకు మాత్రము మినహాయింపు కలదు.

1945 తరువాత జర్మనీ రెండైనది. 1955, 1956 సంవత్సరములలో రెండింటికిని రెండు సైన్యములు ఏర్పడెను. పడమటివారి బిళ్ళమీద ఐక్యత, న్యాయము, స్వేచ్ఛ అను మూడు మాటలు ఎక్కినవి. తూర్పువారి బిళ్ళమీద సుత్తి, వృత్తలేఖిని, వాని చుట్టును ధాన్యపు కంకుల దండ. 1990లో రెండు దేశములు ఒకటి కాగా, తూర్పు సైన్యపు టోపీలు, నడికట్లు బెర్లిను వీథులలో యాత్రికులకు అమ్మకమునకు వచ్చెను. ఒక పలకమీద ఈ బిళ్ళలను వరుసగా అమర్చినచో నూటయేబది సంవత్సరముల చరిత్ర మూరెడు పొడవున కనబడును. ఒక రాజు, ఒక చక్రవర్తి, ఒక గణతంత్రము, ఒక నియంత, రెండు ప్రభుత్వములు వచ్చి పోయిరి. నడుము మాత్రము ఆ పల్లెటూరి కుఱ్ఱవానిదే.

రాయబారుల సంగతియు ఒక మాట చెప్పవలెను. రాయబారి యుద్ధము చేయడు. ఐనను అతనికిని దుస్తులున్నవి, నడికట్టు ఉన్నది. హిట్లరు కాలమున జర్మను విదేశాంగ ఉద్యోగులకు క్రొత్త దుస్తులు కావలసివచ్చినప్పుడు వానిని రూపొందించినవాడు బెన్నో ఫాన్ ఆరెంట్ అను రంగస్థలాలంకారికుడు. నాటకములకు తెరలు, వేషములు సమకూర్చువాడన్నమాట. జరీ పోగులవలె మెరయు నడికట్టు, దానికి గుండ్రని బిళ్ళ. ఆ పనికి రంగస్థలమువానిని పిలుచుటలో వారు పొరపాటు పడలేదని మా అభిప్రాయము.

ఈ బిళ్ళలను మొదట కూర్చినవారు పండితులు కారు, ఎదుటి పక్షపు సైనికులు. ప్రథమ ప్రపంచ యుద్ధమున ఖైదీలనుండి బిళ్ళలు, గుండీలు తీసికొని తమ పటకాలకే తగిలించుకొని ఇంటికి తీసికొనిపోయినవారు పలువురు. ఆ యుద్ధమునకు మన హైదరాబాదునకును సంబంధము లేకపోలేదు. పూర్వపు హైదరాబాదు కంటింజెంటు అశ్వదళములలో ఒకదానినుండి 1903లో ఏర్పడిన ఇరువదవ దక్కను హార్సు ఫ్రాన్సులో పోరాడెను. 1916 జూలై 14న సోం యుద్ధభూమిలో హై వుడ్ అను తోపువద్ద జర్మనుల మరతుపాకులకు ఎదురుగా గుఱ్ఱములపై బల్లెములతో దూకినవారిలో ఆ దళమువారున్నారు. వారిలో దక్కనీ ముసల్మానులు, సిక్కులు, జాట్లు. ఆ సాయంకాలము వారు చూచిన శత్రువుల నడుములమీద దేవుడు మాతో ఉన్నాడని వ్రాసియుండెను. వీరి దేవుళ్ళ పేర్లు ఏ బిళ్ళమీదను లేవు.

రెండవ యుద్ధమున కథ మరియొక మలుపు తిరిగినది. హైదరాబాదులో 1911లో జన్మించిన ఆబిద్ హసన్ సఫ్రానీ జర్మనీలో ఇంజనీరింగు చదువుచుండగా, 1941లో సుభాస్ చంద్ర బోసు బెర్లిను చేరెను. ఆబిద్ హసన్ చదువు విడిచి ఆయన వెంట నడచెను. ఉత్తర ఆఫ్రికాలో ఖైదీలైన భారత సైనికులతో అక్కడ ఒక దళము ఏర్పడినది. వారు ధరించినవి జర్మను సైన్యపు దుస్తులే. భుజముపై మాత్రము త్రివర్ణముమీద దూకుచున్న పులి. వారు చేసిన ప్రమాణములో హిట్లరు పేరును ఉన్నది, బోసు పేరును ఉన్నది. ఇంటికి స్వాతంత్ర్యము తెచ్చుటకై పరాయి నియంత నడికట్టు కట్టుకొనిన ఆ సైనికులను గూర్చి తీర్పు చెప్పుట ఈ చిన్న ప్రసంగమునకు మించిన పని. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవునుండి జర్మను జలాంతర్గామిలో బోసుతో కూడ బయలుదేరిన ఒకే ఒక భారతీయుడు మన హైదరాబాదువాడు. స్వాతంత్ర్యానంతరము ఆయన భారత విదేశాంగ శాఖలో చేరి రాయబారిగా పనిచేసి, 1984లో కన్నుమూసెను. ఒకే జీవితమున సైనికుల పటకాలను, రాయబారుల దుస్తులను దగ్గరనుండి చూచినవాడు.

ఇప్పుడు గజ్వేలు కుఱ్ఱవాని ప్రశ్నకు సగము సమాధానము దొరకినది. జర్మను బిళ్ళలోని ఇత్తడి మన ఇత్తడికంటె మేలైనది కాదు. ఏ రాజ్యముది, ఏ సంవత్సరముది, ఎవడు చేసినది, ఏ లోహము, కొండిని ఎట్లు అతికిరి అను సంగతులన్నియు వ్రాసి, పటములు తీసి, పుస్తకములు వేసిరి. వ్రాసియున్నది గనుక అసలేదో నకలేదో చెప్పగలరు. నకళ్ళు కొల్లలుగా ఉన్నవి మరి. యుద్ధము ముగిసిననాటినుండి సినిమాలవారి కొఱకు కొన్ని, అమాయకుల కొఱకు కొన్ని తయారగుచునే ఉన్నవి. అచ్చు అంచులు మొద్దుబారినచో, మూలలు అరుగకుండ మధ్యభాగము మాత్రమే అరిగినచో, తోలు క్రొత్తదై ముద్ర పాతదైనచో తెలిసినవాడు కొనడు. ఇందులో మాకు రుచింపని సంగతియు ఒకటి కలదు. అన్నిటికంటె ఎక్కువ గిరాకి హిట్లరు కాలపు వస్తువులకే. చరిత్ర తెలిసికొనుటకు కొనువారు కొందరు. ఆ చరిత్రను మెచ్చి కొనువారును లేకపోలేదు. కొనువాడు ఎవ్వడో బిళ్ళ చెప్పలేదు.

మిగిలిన సగము సమాధానము కొఱకు మన దేశమునకు రావలెను. మన నడికట్లకు కథ లేదా? జర్మనులకున్నంతయు ఉన్నది. పేర్లే చూడుడు. పారసీకమున దువాల్ అనగా తోలుపట్టా. అది తెలుగున డవాలు అయినది. భుజమునుండి నడుమునకు ఏటవాలుగా డవాలు వేసికొని, దానిమీద ఇత్తడి బిళ్ళ పెట్టుకొనిన బంట్రోతు డవాలు బంట్రోతు, బిళ్ళ బంట్రోతు. కోస్తా జిల్లాల కచ్చేరీలలో ఈ మాటలు వినని ముసలివారుండరు. తెలంగాణములో ఆ మనిషియే చప్రాసీ. చప్రాస్ అనగా బిళ్ళ. దానిని ధరించువాడు చప్రాసీ. కుడి ఎడమలు అని అర్థమిచ్చు పారసీక పదబంధమునుండి ఆ మాట పుట్టినదని కొందరందురు. బీమ్సు అను భాషా పండితుడు మాత్రము దాని మొదటి అర్థము నడికట్టు కొక్కెమేయని వ్రాసెను. ఆయన మాటయే నిజమైనచో, మన చప్రాసీ పేరున అసలే కొక్కెము ఉన్నదన్నమాట.

చప్రాసీకి ఇత్తడి బిళ్ళ ఎట్లో, హైదరాబాదు అమీరునకు బగ్లూసు అట్లు. నిజాము దర్బారునకు పోవువాడు షేర్వానీ తొడిగి, తలపై దస్తారు, నడుమున బగ్లూసు ధరింపక లోపల అడుగు పెట్టరాదు. దస్తారు, బగ్లూసు అను జంటపదము పాతబస్తీ పెద్దల నోట నేటికిని విననగును. పురానీ హవేలీలోని నిజాము మ్యూజియములో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను దుస్తులకై కట్టిన రెండంతస్తుల కొయ్య అలమారు చూచినవారికి, ఆ దర్బారులో దుస్తులకు ఎంత పట్టింపు ఉండెనో చెప్పనక్కరలేదు. 1995లో భారత ప్రభుత్వము నిజాము ఆభరణములు 173 వస్తువులను 218 కోట్ల రూపాయలకు కొనెను. హారములు, సర్పేచులు, గుండీలతో పాటు అందులో నడికట్లును, వాని బిళ్ళలును ఉన్నవి. 2001లోను, 2006లోను సాలార్జంగు మ్యూజియములో వానిని ప్రదర్శించినప్పుడు జనము బారులుతీరి చూచిరి. పైనున్నవానికి రవ్వల బిళ్ళ, క్రిందనున్నవానికి ఇత్తడి బిళ్ళ. పైదానికి భద్రమైన ఉక్కు గది దొరకినది. క్రిందిదానికి పాత ఇత్తడివాని తక్కెడ దొరకినది.

జర్మను సామ్రాజ్యములో రాజ్యములున్నట్లే హైదరాబాదు రాజ్యములోను పలు పాలనలుండెను. ప్రభుత్వపు దివానీ ఒకటి. నిజాము స్వంత భూములైన సర్ఫెఖాస్ ఒకటి. పాయిగాలు, పెద్ద జాగీరులు, గద్వాల, వనపర్తి వంటి సంస్థానములు మరికొన్ని. పెద్దవానికి తమ కచ్చేరీలు, తమ నౌకరులు, తమ పోలీసులు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినది. 1949లో జాగీరులు రద్దయ్యెను. 1956లో రాజ్యమే చీలి మూడు రాష్ట్రములలో కలిసిపోయెను. ప్రతి పర్యాయము పాత బిళ్ళలు చెల్లనివయ్యెను. చెల్లని నాణెమును దాచుకొనువారున్నారు గాని చెల్లని బిళ్ళను దాచినవారు అరుదు. "కొత్త సర్కారు కొత్త బిళ్ళ ఇచ్చింది. పాతది వాపసు అడుగలే. మా నాయిన సందుగల పడేసిండు" అని గజ్వేలు పెద్దాయన చెప్పెను. ఎవరును అడుగకపోవుటచేతనే అది మిగిలినది.

ఇంతవఱకు మేము చెప్పినది పట్నపు పండితుని మాట. అరుగు క్రిందనుండి ముసలమ్మ చెప్పిన మాట వేరు. మేము ఆ బిళ్ళను పొగడుచుండగా ఆమె తోముట ఆపి నవ్వెను.

"గా బిళ్ళ ముచ్చట మా తల్లిగారి ఊరోళ్ళను అడుగుండ్రి సారూ. మా మామ అది కట్టుకొని ఊర్లెకు వస్తే కోడిని పట్టుకోకుంట పోకపోవునట. నన్ను ఈ ఇంటికి ఇచ్చేటప్పుడు గూడ మా అవ్వ ఆ కోళ్ళ ముచ్చట తీసింది."

మనుమడు పకాలున నవ్వెను. పెద్దాయన నవ్వలేదు. కొంతసేపు రోడ్డువైపు చూచి, "కోడి తెచ్చిండు, నిజమే. కొట్టలే. కొట్టినోళ్ళు శానమంది ఉండిరి" అనెను.

తెలంగాణపు పల్లెలలో నాటి బిళ్ళకు ఉన్న అర్థము ఇది. బిళ్ళ వచ్చినదనగా శిస్తు వచ్చినది, లెవీ ధాన్యము వచ్చినది, వెట్టి వచ్చినది. కచ్చేరివాడు ఊరికి వచ్చినచో మంచము వేయవలెను, వంట చేయవలెను, మూట మోయవలెను. కూలి అడుగుటకు లేదు. చప్రాసీ జీతము స్వల్పము. బిళ్ళయే అతని అసలు జీతము. ఆ ఇత్తడి రేకు చూచి భయపడినవారి మనుమలును ఈనాడు అదే ఊళ్ళలో ఉన్నారు. ధరించినవాని మనుమలును ఉన్నారు. వారి మధ్య పెండ్లిళ్ళును జరిగినవి. కావున ఆ బిళ్ళను అద్దాల బీరువాలో పెట్టి పూర్వవైభవమని పేరు వ్రాయుట అసత్యము. సిగ్గుపడి తూకమునకు వేయుట అంతకంటె అసత్యము. అప్పుడు కోడి పోగొట్టుకొనినదాని మాటకు సాక్ష్యమే ఉండదు.

మేము ఆ ఇంట చేసిన పని ఏదనగా, ఒక అట్టముక్క అడిగి తీసికొని, మనుమనిచేతనే వ్రాయించితిమి. ముత్తాత పేరు, పనిచేసిన కచ్చేరి, ఎంతకాలము, బిళ్ళమీది అంకె, అరిగిపోక మునుపు దానిమీద ఏమి ఉండెనని తాతకు జ్ఞాపకమో ఆ మాటలు. కోళ్ళ సంగతి వ్రాయవలెనా వద్దా అని వాడు సందేహించెను. ముసలమ్మ పట్టుబట్టి వ్రాయించెను. కొట్టలేదను మాటను తాత పట్టుబట్టి వ్రాయించెను. ముందువైపు ఒకటి, వెనుకవైపు ఒకటి ఫోటోలు తీసి వాడు తన ఫోనులో భద్రపరచుకొనెను. వెనుకవైపు ఎందుకని అడిగినప్పుడు జర్మను తోలునాలుక కథ చెప్పితిమి. వాడు వెంటనే రేకును బోర్లించి వెదకెను. తయారీదారుని పేరు లేదు గాని, కొక్కెమును అతికినచోట పాత రాగి అతుకు కనబడినది. ఎప్పుడో విరిగినదానిని కంచరి బాగుచేసినట్లున్నది. అదియు అట్టమీద ఎక్కినది.

ఇటువంటి వస్తువులు మీ ఇండ్లలోను ఉండవచ్చును. చప్రాసీ బిళ్ళ, పోలీసు పటకా, రైల్వే నౌకరు బిళ్ళ, ఏ తాతయో సైన్యమునుండి తెచ్చుకొనిన నడికట్టు. వానిని గూర్చి రెండు మూడు సంగతులు చెప్పుట మా విధి. చింతపండు, నిమ్మకాయ, బూడిద తగులనీయకూడదు. పులుపు మురికిని మాత్రమే తీయదు, అక్షరములను కూడ తీయును. పొడి నూలుగుడ్డతో తుడిచిన చాలును. పాత తోలు, ఇత్తడి ఒకదానినొకటి ఆనియున్నచో తోలులోని క్రొవ్వు తగిలి ఇత్తడిమీద మైనమువంటి పచ్చని చిలుము పుట్టును. మధ్య తెల్లని గుడ్డ మడిచి పెట్టవలెను. ప్లాస్టికు సంచిలో మూటగట్టిన వానకాలమున తోలుకు బూజు పట్టును. బిళ్ళ ఒకచోట, పట్టా ఒకచోట అమ్ముట పెద్ద తప్పు; పట్టామీది రంధ్రములలో ఏది సాగియున్నదో చూచిన మనిషి ఎంత లావో, ఎన్నడు చిక్కెనో తెలియును. నూరేండ్లు దాటిన వస్తువు 1972 నాటి చట్టము ప్రకారము పురావస్తువు కాగలదు. దానిని అనుమతి లేక దేశము దాటించరాదు. పట్నమునుండి వచ్చి తక్కెడ పట్టుకొనినవానికి ఈ సంగతి చెప్పి చూడుడు. ధర మారవచ్చును, లేదా మనిషి మారవచ్చును.

పాటలు ధ్వనిముద్రణము చేసికొని మేము లేచునప్పటికి ప్రొద్దు గూకినది. బిళ్ళను ఎట్లు దాచవలెనో మేము చెప్పిన మాటలన్నియు ముసలమ్మ విన్నది. విని, "దసరాకు కడుగకుంట ఎట్ల పెడ్తం సారూ? పండుగ కాదా?" అని అడిగెను. దీనికి ఏ పుస్తకములోను సమాధానము లేదు. మేము తడబడుచుండగా మనుమడు, "అవ్వా, బిళ్ళను గుడ్డతోని తుడుద్దాం. బొట్టు అట్టకు పెట్టు" అనెను. ఆమె కొంతసేపు ఆలోచించి, అట్టముక్కను చేతిలోనికి తీసికొని, కోళ్ళ మాట ఎక్కడ వ్రాసియున్నదో చూపుమని వానిని అడిగి, అక్కడ వ్రేలు పెట్టి చూచుకొనెను.